శ్రుతి ఎత్తుకున్నది నేనే

2009 జనవరి 6, మంగళవారం

లీడ్స్ నుంచి ఉత్తరం వచ్చింది. రాసినావిడ పేరు పెట్రా హిబర్ట్. పాత జానపద గాయకుల రికార్డులు వెతికి, దుమ్ము దులిపి మళ్లీ బయటికి తెచ్చే కంపెనీ ఆవిడది. కంపెనీ అంటే తనూ, తన వంటింటి బల్లా అని తనే రాసుకుంది. నేనూ మా చెల్లెలూ పాడిన వాటిలోంచి ఏరి రెండు సీడీలు వేస్తుందట. పేరు కూడా పెట్టేసింది: ‘క్లెమ్, ఏవిస్ స్కేఫ్: 1964–1981’. ఆ అంకెలు అలా పక్కపక్కన చూస్తే సమాధి రాయి చూసినట్టుంది. అయినా ఉత్తరం మూడుసార్లు చదివాను.

మమ్మల్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు ఇంకా ఉన్నారన్నమాట. ఆ హడావిడిలో కెటిల్‌లో నీళ్లు పోయకుండానే స్విచ్ వేశాను.

జనవరి 8

పెట్రాకి ఫోన్ చేశాను. నలభై ఏళ్లుంటాయేమో, గబగబా మాట్లాడుతుంది. మేం ఆఖరిసారి పాడేనాటికి బళ్లో చదువుకుంటూ ఉండుంటుంది. మా నాలుగు రికార్డులూ తన దగ్గరున్నాయట.

“ఇద్దరి సంతకాలూ కావాలండీ. ఫిబ్రవరి దాటితే ఈ ఏడాదికి కుదరదు. ఏవిస్ గారి అడ్రసు ఇస్తారా?” అంది.

“నేను మాట్లాడతాలెండి,” అన్నాను.

“ఆవిడ ఎందుకు మానేశారు? ఎవర్నడిగినా తెలీదంటున్నారు.”

“విసుగొచ్చింది. పెళ్లయింది, ఫైలీ వెళ్లిపోయింది. ఇల్లూ వాకిలీ వచ్చాక ఇంక పాటేం గుర్తుంటుంది,” అన్నాను.

ఇరవై ఎనిమిదేళ్లుగా చెప్తున్న మాట. ఎవరడిగినా నోరు దానంతట అదే చెప్పేస్తుంది.

జనవరి 11, ఆదివారం

ఏవిస్‌కి ఫోన్.

“ఏవిస్, నేను.”

“ఎవరు పోయారు?” అంది.

“ఎవరూ పోలేదు.”

“మరి ఫోనెందుకు చేశావ్ అన్నయ్యా?”

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నిజమే, మేం మాట్లాడుకునేది చావులకీ, క్రిస్మస్‌కీ. విషయం చెప్పాను.

“ఇన్నేళ్ల తర్వాత ఎవరు వింటారట?”

“వింటారు. ఆవిడ చాలా ఇదిగా ఉంది. నీ సంతకం కావాలి.”

“పంపు, చూస్తా,” అని పెట్టేసింది.

బొంగురు గొంతు. కొత్తవాళ్లు ఫోన్‌లో మగాడేమో అనుకుంటారు. సిగరెట్ల వల్ల అని నేను అందరితో అంటాను. ఏవిస్ సిగరెట్ తాగగా నేనెప్పుడూ చూడలేదు.

జనవరి 15

లీడ్స్ వెళ్లొచ్చాను. వంటింటి బల్ల నిజంగానే వంటింటి బల్ల. దాని మీద పాత టేపు మిషను, పక్కన కంప్యూటరు, కింద పిల్లి.

ఒక సంగతి ఉత్తరంలో రాయలేదు పెట్రా. మా బుధవారం క్లబ్బులో, అదే ఇక్కడ హల్‌లో ‘మూడు పీపాలు’ పబ్బు మేడమీద గదిలో, మారిస్ టిండాల్ అని ఒకాయన ముందు వరసలో కూర్చుని ప్రతివారం రికార్డు చేసేవాడు. బీరు తాగడు, చప్పట్లు కొట్టడు, ఆ మిషనొకటే లోకం. ఆయన పోయాక వాళ్లావిడ టేపుల పెట్టె పెట్రాకి ఇచ్చేసిందట. మావే అరవై ఒక్క టేపులు. రికార్డుల్లో లేని పాటలు, మధ్యలో మాటలు, దగ్గులు, గ్లాసుల చప్పుడు, అన్నీ ఉన్నాయి.

మూడు టేపులు విన్నాం. ఇక్కడ సిగ్గుపడకుండా రాసుకుంటాను: మేం బాగా పాడేవాళ్లం. గిటారు లేదు, ఫిడేలు లేదు. రెండు గొంతులు, అంతే. నేను పాట పట్టుకుంటే ఏవిస్ కాసేపు కిందా కాసేపు పైనా చుట్టుకుంటూ వచ్చేది. ‘వలలల్లే పిల్ల’ మూడో చరణం దగ్గర ఇద్దరం ఒకే స్వరం మీదికి వచ్చి ఆగుతాం. అక్కడ గదిలో గ్లాసుల చప్పుడు కూడా ఆగిపోయింది. పెట్రా కళ్లు తుడుచుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

జనవరి 22

ఏదో తేడాగా ఉంది. ఇవాళ ట్యూనింగ్ ఫోర్కు జేబులో వేసుకుని వెళ్లాను.

‘వలలల్లే పిల్ల’ మూడు టేపుల్లో ఉంది. 1966, 1972, 1978. ఫోర్కు మోగించి చూసుకుంటే 66 కన్నా 72 అరమెట్టు పైన ఉంది. 78 ఏకంగా మూడు అరమెట్లు పైన. ఒకే పాట, అవే గొంతులు.

టిండాల్ మిషను పాతబడేకొద్దీ నెమ్మదిగా తిరిగిందన్నమాట. నెమ్మదిగా ఎక్కింది మామూలు వేగంతో వింటే పైకి పోతుంది. పెట్రాతో చెప్పాను, ఇవన్నీ కంప్యూటర్లో నెమ్మది చేసి అసలు శ్రుతికి దించాలి, లేకపోతే ఏవిస్ గొంతు అరిచినట్టు వినిపిస్తోంది, ఆవిడకి అన్యాయం జరుగుతుంది అని.

“చూస్తానండీ,” అంది.

జనవరి 23

టేపే.

జనవరి 29

పెట్రా ఫోన్ చేసింది. చాలా మర్యాదగా చెప్పింది.

ప్రతి టేపులోనూ అడుగున సన్నగా కరెంటు రొద ఉంటుందట. ఈ దేశంలో కరెంటు ఎప్పుడూ ఒకే శ్రుతిలో మూలుగుతుంది. టేపు వేగంగా తిరిగితే ఆ మూలుగూ పైకి పోవాలి. అరవై ఒక్క టేపుల్లోనూ అది కదల్లేదు.

“టేపుల్లో లోపమేం లేదు క్లెమ్ గారూ. మీరే అంత పైన పాడారు.”

మీకేం తెలుసు, మీకు కంప్యూటరు చెప్పిందే వేదం అన్నాను. తర్వాత సిగ్గేసింది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని అమ్మ నన్ను తిట్టేది.

ఫిబ్రవరి 2

మంచు. బస్సుల్లేవు. ఇంట్లోనే ఉన్నాను.

వాయిద్యం లేని పాటకి శ్రుతి ఎవరు ఎత్తుకుంటే వాళ్లదే. మాలో ఎత్తుకునేది నేను. పెద్దవాణ్ణని కాదు, ఎవరూ అనుకోలేదు, మొదటిరోజు నుంచీ అలా జరిగిపోయింది. నేను మొదటి మాట అనేవాణ్ణి, ఏవిస్ రెండో మాట దగ్గర కలిసేది. అంతే తప్ప ఏ శ్రుతిలో పాడదాం అని మేం కూర్చుని మాట్లాడుకున్నది లేదు.

పైన ఉంటేనే గది నిండుతుంది. పబ్బులో వెనక వరస దాకా పోవాలంటే అలాగే పాడాలి. అందరూ అంతే.

అందరూ అంతే అని రాశాను గానీ, అందరూ అలా పాడేవాళ్లు కాదు.

నా గొంతు పైనే మెరిసేది. ఆ మెరిసే చోటికి వెళ్లేసరికి వెనకనుంచి ‘హా’ అని ఒక మూలుగు వచ్చేది జనంలో. ఒకసారి అది విన్నాక మళ్లీ వారం ఇంకొంచెం పైన ఎత్తుకోవాలనిపిస్తుంది. ఎవరికైనా అనిపిస్తుంది.

ఫిబ్రవరి 5

పెట్రా దగ్గరికి వెళ్లాను. ఆవిడ సంబరంగా ఉంది.

“ఒకటి దొరికింది. ఇది మీరు వినాలి. పాట మొదలయ్యే ముందు, చాలా టేపుల్లో, ఏవిస్ గారు మీతో ఏదో చిన్నగా అంటున్నారు. ఏదైనా మంత్రంలాంటిదా? మీ అన్నాచెల్లెళ్ల గుట్టా?”

వినిపించింది. కుర్చీలు జరిగిన చప్పుడు, ఎవరో దగ్గారు, తర్వాత చాలా చిన్నగా ఏవిస్. రెండు మాటలు. ఆ వెనకే నా గొంతు, ‘ఆ’ అని. వెంటనే పాట.

“ఏమన్నారు?” అంది పెట్రా.

“అర్థం కాలేదు. మళ్లీ పెట్టండి.”

మళ్లీ పెట్టింది. నాలుగుసార్లు.

“తెలీడం లేదండీ,” అన్నాను.

ఫిబ్రవరి 7

మొదటిసారే అర్థమైంది.

‘దించు, అన్నయ్యా.’

ఫిబ్రవరి 12

పెట్రాకి ఏం కారణం చెప్పకుండా, ప్రతి టేపులోనూ పాటల ముందు భాగాలు వరసగా వినిపించమన్నాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆవిడ శాండ్‌విచ్ చేసిపెట్టింది, తిన్నట్టు గుర్తులేదు.

1969 దాకా లేదు. ఆ ఏడాది చివర్న మొదలైంది. ‘కొంచెం దించు అన్నయ్యా.’ డెబ్బైలో, డెబ్బై ఒకటిలో అదే. ఒకచోట నవ్వుతూ అంటోంది, ‘దించు అన్నయ్యా, నేను పక్షిని కాదు.’ ఒకచోట, ‘ఇవాళ జలుబుగా ఉంది, దించు.’ ప్రతిసారీ నేను ‘ఆ’ అంటున్నాను, ‘సరే’ అంటున్నాను, ఒకసారి ‘అలాగేలేవే’ అన్నాను. అని, పోయినవారం ఎక్కడ ఎత్తుకున్నానో అక్కడే ఎత్తుకుంటున్నాను.

మాట ఇచ్చి తప్పానని కూడా అనలేను. ఆ ‘సరే’ ఆమెకి చెప్పింది కాదు. పాట మొదలెడుతున్నప్పుడు ఎవరో ఏదో అంటే, ఈగని తోలినట్టు చెప్పింది.

1979 నుంచి ఆ మాట లేదు. మొదట ప్రాణం లేచివచ్చింది, పోనీలే, అలవాటు పడిందన్నమాట అనుకున్నాను. రైల్లో వస్తుంటే తెలిసింది. అలవాటు పడలేదు, అడగడం మానేసింది.

ఫిబ్రవరి 13

అట్ట మీదికి బొమ్మ ఎంపిక చేయమని పెట్రా ఫొటోలు పంపింది. పదకొండు. అన్నిట్లోనూ ఏవిస్ నాకు ఎడమపక్కన నిలబడి ఉంది. అన్నిట్లోనూ నేను కళ్లు మూసుకుని, ఎడమ చెయ్యి దొప్పలా చేసి చెవికి ఆనించుకుని ఉన్నాను.

జానపదాలు పాడే మా వాళ్లందరూ అలాగే పాడేవాళ్లు. ఒక చెవి మూసుకుంటే ఎవరి గొంతు వాళ్లకి బాగా వినిపిస్తుంది, శ్రుతి తప్పదు. కుడి చెయ్యీ ఉంది నాకు. కుడిపక్కన గోడ తప్ప ఎవరూ లేరు.

నాకు ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కదాని ఏడ్చాను.

ఫిబ్రవరి 20

బెవర్లీ గురించి రాయాలి. రాయకుండా వారం గడిపాను.

1981 మార్చి. బెవర్లీలో పెద్ద హాలు, నాలుగొందల మంది. ‘వలలల్లే పిల్ల’ మూడో చరణం దగ్గర ఏవిస్ ఆగిపోయింది. మాటలు మర్చిపోయిందనుకున్నాను. ఒకరు తప్పితే ఇంకొకరు అందుకోవాలి, అది మా పద్ధతి. అందుకున్నాను. చివరిదాకా ఒక్కణ్ణే పాడాను. జనం లేచి నిలబడ్డారు. ఆ చప్పట్లలో నేను వంగి దండం పెడుతున్నాను గానీ పక్కకి చూడలేదు.

వ్యాన్‌లో ఏవిస్ మాట్లాడలేదు. అలిగిందనుకున్నాను. ఎవరిదో సిగరెట్ పెట్టె అట్ట చింపి దాని మీద రాసి చూపించింది: గొంతు రావట్లేదు.

స్వరపేటిక మీద కాయలు కాశాయన్నారు. జూన్‌లో ఆపరేషన్. ద్రాక్షపళ్లు పట్టుకుని చూడటానికెళ్లాను. మాట్లాడకూడదు కాబట్టి పలక ఇచ్చారు ఆమెకి. దాని మీద రాసింది: ‘ఓపికకి మించి పైకి పాడటం వల్ల అని డాక్టరు అన్నాడు.’

నేనేమన్నాను? డాక్టర్లు ఏదో ఒకటి అంటారులే అన్నాను. ఆగస్టులో విట్బీలో కార్యక్రమం ఒప్పుకున్నాను, అప్పటికి నయమవుతుందా అని అడిగాను.

ఏవిస్ పలక తుడిచేసింది. మళ్లీ ఏమీ రాయలేదు. ఇవన్నీ నేను మర్చిపోలేదు. అలాగని ఏనాడూ తలుచుకోలేదు. రెండూ ఎలా కుదిరాయో నాకు తెలీదు.

ఫిబ్రవరి 24

ఒక నిర్ణయానికొచ్చాను. పెట్రాకి అంతా చెప్పేశాను, బెవర్లీతో సహా. ఆ మాటలు కత్తిరించకుండా సీడీలో ఉంచమన్నాను. మొదటి పాటకి ముందే, ‘దించు, అన్నయ్యా’, ‘ఆ’. తర్వాత పాట. సీడీతో వచ్చే చిన్న పుస్తకంలో నేనే రాస్తాను ఏం జరిగిందో, తప్పు నాదేనని.

పెట్రా “చాలా ధైర్యం కావాలి దీనికి,” అంది.

ఈ వయసులో ఇంత నిజాయితీ ఎంతమందికి ఉంటుంది. మనసు తేలికైంది. రెండు పేజీలు రాశాను, బాగా వచ్చాయి.

ఫిబ్రవరి 26

ఫైలీ వెళ్లాను. పెట్రా కాపీ చేసిచ్చిన సీడీ, ఒప్పంద పత్రం, నా రెండు పేజీలు, అన్నీ సంచిలో.

ఏవిస్ జుట్టు పూర్తిగా తెల్లబడింది. వాళ్లాయన ఐవర్ పోయిన ఏడు కూడా ఇంత లేదు. ఐవర్ మంచివాడు, లైఫ్‌బోటు ఇంజన్లు బాగుచేసేవాడు, పాటంటే చెవి కోసుకునే రకం కాదు. ఏవిస్‌కి అలాంటివాడే కావాల్సివచ్చింది కాబోలు. టీ పెట్టింది, కేకు కోసి పక్కన చీజ్ ముక్క పెట్టింది. అమ్మ పెట్టినట్టే.

“చెప్పు,” అంది.

చెప్పడం ఎందుకు, వినమన్నాను. సీడీ పెట్టాను. కుర్చీల చప్పుడు, దగ్గు. ‘దించు, అన్నయ్యా.’ పాతికేళ్ల ఏవిస్ గొంతు ఆ వంటింట్లో వినిపించేసరికి అరవై నాలుగేళ్ల ఏవిస్ చేతిలో కప్పు కిందపెట్టింది. పాట మొదలవగానే లేచి మిషను ఆపేసింది.

“ఇది తీసెయ్.”

“ఏవిస్, ఇది అందరికీ తెలియాలి. అందరూ వినాలి. నేను రాశాను కూడా, తప్పంతా నాదేనని, చూడు...”

కాగితాలు అందుకుంది. కళ్లజోడు పెట్టుకుని రెండు పేజీలూ చదివింది. నేను కేకు తిన్నాను.

“బావుంది,” అంది. “బాగా రాశావ్. చదివినవాళ్లు ఏడుస్తారు. నిన్ను చూసి.”

“అది కాదు...”

“నేనడిగింది నిన్ను అన్నయ్యా. వాళ్లని కాదు.”

కళ్లజోడు తీసి కాగితాల మీద పెట్టింది.

“పదేళ్లు అడిగాను. అందరి ముందూ గట్టిగా అడగొచ్చు కదా, అడగలేదు, ఎందుకు? నీ పరువు పోకూడదని. నీకు మాత్రమే వినబడేటట్టు అడిగాను. ఇప్పుడు దాన్ని తీసుకెళ్లి అమ్ముతానంటావా?”

“నువ్వే ఎత్తుకోవచ్చు కదా ఏవిస్. ఒక్కసారైనా.”

ఈ మాట ఎందుకన్నానో. అన్నాను.

“ఎత్తుకున్నా. స్కార్‌బరోలో, డెబ్బై మూడులో. గుర్తులేదూ? నేను మొదటి మాట అన్నాను. నువ్వు మొదటి లైను అయ్యాక ఆపేసి, జనంతో జోకేశావ్. ‘మా చెల్లెలు నిద్రలో ఉంది, నేలమాళిగలోంచి పాడుతోంది’ అన్నావ్. అందరూ నవ్వారు. మళ్లీ నువ్వెత్తుకున్నావ్.”

నాకు గుర్తులేదు. నిజంగా గుర్తులేదు. అరవై ఒక్క టేపుల్లో స్కార్‌బరో లేదు.

“నా కూతురు చిన్నప్పుడు నిద్రపోయేది కాదు,” అంది ఏవిస్. “జోల పాడదామంటే గొంతు లేదు. మన రికార్డు పెట్టేదాన్ని. నా గొంతు వింటూ పడుకుంటుందని. ‘అమ్మా, ఆయన్ని అరవొద్దని చెప్పు’ అనేది. నాలుగేళ్ల పిల్లకి వినబడింది, చూశావా.”

అని నవ్వింది. నేనూ నవ్వబోయాను, రాలేదు.

ఒప్పందం తీసుకుని సంతకం పెట్టింది. నా రెండు పేజీలు మడిచి నా సంచిలోనే పెట్టింది.

“మరి ఎందుకు పెట్టావ్ సంతకం?” అన్నాను.

“నేను బాగా పాడాను కాబట్టి,” అంది.

ఫిబ్రవరి 27

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కూడా నాకు సరిగ్గా చేతకాలేదు. వాటిని పదిమందికీ చూపించబోయాను.

పెట్రాకి ఫోన్ చేసి ఆ మాట తీసెయ్యమన్నాను, అన్ని పాటల ముందూ. కారణం అడిగింది. చెల్లెలు వద్దందన్నాను. నా రెండు పేజీలు పొయ్యిలో వేశాను.

ఏప్రిల్ 28

సీడీలు వచ్చాయి. ఇరవై కాపీలు. అట్ట మీద మేమిద్దరం, నా చెయ్యి చెవి మీద. పేపర్లో చిన్న సమీక్ష కూడా: ‘సోదరుడి స్వరం గగనాన్ని అంటుతుంది, సోదరి దాన్ని నీడలా అనుసరిస్తుంది.’

నీడ. ఏవిస్‌కి చదివి వినిపించను.

మే 13, బుధవారం

ఇవాళ ‘మూడు పీపాలు’ మేడమీద సీడీల విడుదల. గది అలాగే ఉంది, పొగ లేదు, జుట్లన్నీ తెల్లవి. డెబ్బై మంది వచ్చారు. ఏవిస్ రానని ముందే చెప్పింది. నన్ను పాడమన్నారు, గొంతు బాగాలేదన్నాను. పెట్రా రెండు పాటలు వినిపించింది. ‘వలలల్లే పిల్ల’ 66 నాటిదే వేయించాను, అందులో ఏవిస్ హాయిగా ఉంటుంది. అయ్యాక చాలామంది వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపారు. బావుంది. అబద్ధం ఎందుకు, చాలా బావుంది.

కింద బార్ దగ్గర ఒకాయన తగులుకున్నాడు. పేరు హెడ్లీ అట, ఆ రోజుల్లో ప్రతి బుధవారం వచ్చేవాడట. ముఖం ఎర్రగా, మంచివాడిలా ఉన్నాడు. నాకో గ్లాసు కొనిపెట్టాడు.

“ఏంటండీ, మీ చెల్లెలు గారు అంత బాగా పాడుతూ ఉన్నట్టుండి ఎందుకు మానేశారు?”

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఏముంది. ఒక్కడే అడిగాడు, మెల్లగా అడిగాడు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఫిబ్రవరి నుంచి ఈ డైరీలో రాస్తున్నదంతా రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు.

“విసుగొచ్చింది,” అన్నాను. “పెళ్లయింది, ఫైలీ వెళ్లిపోయింది.”

ఆయన తలూపాడు. ఆడవాళ్లంతే కదా అన్నాడు. నేను గ్లాసు ఖాళీ చేశాను.

మే 14, గురువారం

పొద్దున్నే మొదటి రైలెక్కాను. ఏవిస్ తలుపు తీసి, “ఎవరు పోయారు?” అంది, ఈసారి భయంగానే.

సీడీ బల్లమీద పెట్టాను. అట్ట చూసింది, తిప్పి వెనక చూసింది, పక్కన పెట్టింది. నేను కోటు కూడా విప్పకుండా నిన్నటి సంగతి చెప్పాను. “మళ్లీ అదే చెప్పాను ఏవిస్. విసుగొచ్చి మానేసిందని. నోట్లోంచి అదే వచ్చింది.”

తిడుతుందనుకున్నాను. తిడితే బావుండునని కూడా అనుకున్నాను.

“అలవాటైన నోరు,” అంది. “కోటు విప్పు.”

“నన్ను క్షమించు,” అన్నాను. ఈ మాట ఇంతవరకు ఎప్పుడూ అనలేదు, ఫిబ్రవరిలో కూడా. రెండు పేజీలు రాసినవాణ్ణి, ఈ ఒక్క మాట అందులో లేదు.

పోనీలే అనలేదు ఏవిస్. టీ పోసింది. చాలాసేపు కిటికీలోంచి చూసింది. బయట ఎవరో బట్టలు ఆరేసుకుంటున్నారు.

“పాడు,” అంది.

“ఇప్పుడా?”

“‘వలలల్లే పిల్ల’. వినాలనుంది. ఎత్తుకో.”

గొంతు సవరించుకుని ఎత్తుకున్నాను. ‘వేకువ జామున వలలల్లే పిల్లా, నీ వేళ్లకు ఉప్పెవరద్దారే...’

“దించు,” అంది.

ఆపి, దించి మళ్లీ మొదలెట్టాను. 66 నాటి శ్రుతి అది, ఫోర్కు లేకపోయినా తెలుసు నాకు.

“దించు.”

దించాను. ఛాతీలోంచి లాగాల్సివచ్చింది. నా వయసుకి అది కూడా కష్టమే.

“ఇంకా.”

“నాకు అంత కిందికి రాదు ఏవిస్.”

“దించు అన్నయ్యా.”

దించాను. గొంతుకి అడుగు తగిలింది. రాగం పోయింది. మాటలు మాత్రం గరగరమంటూ వస్తున్నాయి, కొన్ని అవీ రావడం లేదు. ఒక లైను అయ్యేసరికి దగ్గొచ్చింది, కళ్లలో నీళ్లొచ్చాయి. ఆపబోయాను.

“ఆ, అక్కడ,” అంది. “ఇన్నేళ్లూ నేనుంటున్నది అక్కడే. ఉండు కాసేపు.”

ఉన్నాను. రెండో చరణం అక్కడే పాడాను, పాట అనడానికి లేదు దాన్ని. మూడో చరణం దగ్గర ఏవిస్ పెదాలు కదిలాయి. ఏ శబ్దమూ రాలేదు. బల్ల మీద చేతులు పెట్టుకుని, నన్నే చూస్తూ, అన్ని చరణాలూ అయ్యేదాకా నన్ను ఆపనివ్వలేదు.